తూకపురాయిని తూచిన ఆవిడ

"మీరు చూడకపోతే ఆ నక్షత్రాలకేమైనా నష్టమా?"

అడిగాడు పరిశోధన సంస్థ లెక్కల ఆఫీసరు. అదీ నిండు మీటింగులో. పొడవాటి బల్ల, దాని మీద ఎవరూ మూత తియ్యని నీళ్ళ సీసాలు, గోడకి ఎప్పుడో ఆగిపోయిన గడియారం. బల్లకి అటువైపు వరసగా కమిటీ, ఇటువైపు ఆవిడొక్కతే.

ఆవిడ కళ్ళజోడు తీసి చేతిరుమాలుతో తుడుచుకుంది. తొందరేం పడలేదు.

"నక్షత్రాలకేం నష్టం లేదండీ. మీరు జీతాలివ్వకపోతే నోట్లకి మాత్రం ఏం నష్టం?"

కమిటీ నవ్వింది. ఆఫీసరు నవ్వలేదు. ఆవిడ అడిగింది పెద్ద వరమేం కాదు. కొండ మీద ఒక పాత చిన్న టెలిస్కోప్ ఉంది. దాని గుమ్మటాన్ని ఖాళీ చేసి సందర్శకులకి బొమ్మలు చూపించే గదిగా మార్చాలని అప్పటికే నిర్ణయమైపోయింది. ఆ పని మొదలయ్యేలోగా ఒక్క చలికాలం దాన్ని తనకి వదిలెయ్యమంది. ఎందుకని అడిగితే, "ముప్ఫై ఏళ్ళుగా మనం గొప్పగా చెప్పుకుంటున్న సంగతి ఒకటి తప్పేమోనని అనుమానం" అంది. ఏ కమిటీ అయినా సంతోషంగా డబ్బు విదిల్చే కారణం కాదది.

చివరికి ఆఫీసరే తేల్చాడు. "తాళం తీసుకోండి మేడమ్. కరెంటు ఎటూ ఉంది. కొత్త ఖర్చు మాత్రం నా బల్ల మీదకి రాకూడదు. మరీ తప్పకపోతే ముందు మీరు పెట్టుకోండి, తర్వాత చూద్దాం."

ఆ 'తర్వాత చూద్దాం' సంగతి మనమూ తర్వాతే చూద్దాం.

నక్షత్రాల మీద పనిచేసేవాళ్ళ గురించి రాయడానికి కూర్చుంటే మన రచయితలకి ఒక జబ్బు పట్టుకుంటుంది. పసితనంలో డాబా మీద వెల్లకిలా పడుకుని చుక్కలు లెక్కపెట్టినట్టు మొదలుపెడతారు. మూడో పేరాకల్లా అనంత విశ్వం ముందు మనిషి ఎంత అల్పుడో అని నిట్టూరుస్తారు. ఆవిడ దగ్గర ఈ సరుకు దొరకదు. చిన్నప్పుడు వాళ్ళింటికి డాబా లేదు. పైగా ఆవిడకి చీకటంటే భయం. భౌతికశాస్త్రంలో పరిశోధనకి దరఖాస్తు పెట్టిన ఏడాది మిగతా విభాగాలన్నీ నిండిపోయి నక్షత్రాల విభాగంలో ఒక్క చోటు మిగిలింది. చేరింది. ఇప్పటికీ ఇంటికొచ్చిన చుట్టాలు ఆకాశంలోకి వేలు పెట్టి "ఆ మెరిసేదేంటమ్మా" అంటే "ఏమో, విమానం కావచ్చు" అని లోపలికి వెళ్ళిపోతుంది. తను పనిచేసే చుక్కలు తప్ప మిగతావాటితో ఆవిడకి ముఖపరిచయం కూడా లేదు. విశ్వం ముందు అల్పత్వం మాటేమిటని ఒక పత్రికావిలేకరి అడిగితే, "దానికి తీరికెక్కడిదండీ" అంది.

వీధిలో ఆవిడ పేరు నర్సమ్మ. ఆ ఘనత అత్తగారిది. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో సాయంత్రం సంచీ తగిలించుకుని వెళ్ళి తెల్లారి రావడం చూసి ఇరుగుపొరుగు ఆరా తీశారు. అత్తగారు నక్షత్రాల గురించి చెప్పబోయి, రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, "నర్సు. రాత్రి డ్యూటీ" అని తేల్చేసింది. వీధి ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాత వచ్చిన చిక్కేమిటంటే, పక్కింటాయన బీపీ చూడమని రావడం మొదలుపెట్టాడు. ఆవిడ కాదనలేక ఒక మిషన్ కొని, చూడటం నేర్చుకుంది. కానీ మిషన్ ఇంటికి వచ్చిన మొదటి రోజే దాన్ని నమ్మలేదు. మందుల షాపుకి తీసుకెళ్ళి, అక్కడి మిషన్ పక్కన పెట్టి, ఒకే చేతికి రెండూ కట్టి చూసింది. మందుల షాపతను విసుక్కున్నాడు.

"ఏంటి మేడమ్, కొత్తదేగా?"

"కొత్తదైతే నిజం చెబుతుందని రాసిచ్చారా?"

మనిషి ఎలాంటిదో చెప్పడానికి ఇది చాలు. అయితే ఇంత అనుమానపు మనిషి ఇరవై ఏళ్ళపాటు ఒక తప్పుని అనుమానించలేదు. ఆవిడ కథ అంతా అదే.

ఆవిడ పనిచేసేది ఒక నక్షత్రాల గుత్తి మీద. ఒకే మబ్బులోంచి ఒకేసారి పుట్టిన కొన్ని వందల నక్షత్రాలు గుంపుగా ఉంటే దాన్ని గుత్తి అంటారు. ఒకే బడిలో ఒకే ఏడాది చేరిన పిల్లల్లాంటివన్నమాట. వయసు ఒకటే, బరువులే వేరు. బరువైనవి తమ ఇంధనాన్ని దుబారాగా మండించేసి ముందే ముసలివై ఎర్రగా ఉబ్బిపోతాయి. తేలికవి పొదుపుగా బతుకుతూ కోట్ల ఏళ్ళపాటు నిలకడగా వెలుగుతాయి. అందుకే నక్షత్రం ఎలా పెరిగి ఎలా ముసలిదవుతుందో తెలియాలంటే గుత్తిని మించిన చోటు లేదు.

నక్షత్రం వెలుగు కొలవడం అంటే కూరగాయలు తూచినట్టే. ఇవతలి పళ్ళెంలో సరుకు, అవతలి పళ్ళెంలో రాయి. ఆకాశం ఒక రోజు తేటగా, ఒక రోజు మసకగా ఉంటుంది కాబట్టి, మారని నక్షత్రం ఒకటి ఎంచుకుని, దాంతో పోల్చి మిగతావి కొలుస్తారు. ఆ సంస్థలో దాని ముద్దుపేరు తూకపురాయి. తూకపురాయి కూడా బుద్ధిగా ఉందో లేదో చూడటానికి ఇంకో నక్షత్రం పెట్టుకోవాలి. దాని పేరు కాపలా చుక్క. నాలుగు కొలతలకి ఒకసారి కాపలా చుక్కని కూడా కొలవాలి. ఇది విద్యార్థులకి మొదటి వారంలోనే చెప్పే పాఠం.

ఆ గుత్తికి తూకపురాయిని ఎంచినవాడు పెద్దసారు. సంస్థకి పునాది వేసినవాళ్ళలో ఒకడు, ఆవిడకి గురువు. రిటైరై చాలా ఏళ్ళయినా రోజూ పదిన్నరకి వచ్చి తన పాత గదిలో కూర్చుంటాడు. ఒకప్పుడు ఆయన ఆ చిన్న టెలిస్కోప్‌తోనే గుత్తిలోని ఒక ఎర్ర నక్షత్రం ఏటేటా కొద్దికొద్దిగా మసకబారడం కనిపెట్టాడు. నక్షత్రం ముసలితనం మనిషి జీవితకాలంలోనే కంటికి దొరకడం మాటలు కాదు. ఆ గీత, పైనుంచి కిందికి నిదానంగా దిగే గీత, ఇప్పటికీ సంస్థ గుమ్మంలో అద్దం బిగించి ఉంది.

ఆవిడ థీసిస్ దానికి కొనసాగింపు. ఒక్క నక్షత్రమేనా, దాని ఈడువి మిగతావీ అలాగే ఉన్నాయా అని చూసింది. ఉన్నాయి. గుత్తిలోని ఎర్ర నక్షత్రాలన్నీ ఒకే తీరుగా మసకబారుతున్నాయి. ఒకే వయసువి కాబట్టి ఒకేలా ముసలివవుతున్నాయని రాసింది. డాక్టరేట్ వచ్చింది. పెద్దసారు భుజం తట్టాడు. ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంతో అద్దె ఇల్లు, ఆ ఇంట్లో అత్తగారి మోకాళ్ళ మందులు, డ్రైవింగ్ స్కూలు నడిపే భర్తకి రెండో కారు, అన్నీ ఆ గీత మీదే నిలబడ్డాయి.

అనుమానం ఎలా వచ్చిందంటే, వెతికితే రాలేదు. కొలతల్లో తేలిక నక్షత్రాలు కొన్ని కలుపుదామనుకుంది. అవి కోట్ల ఏళ్ళదాకా కదలవు మెదలవు కాబట్టి, ఎర్రవి దిగుతున్న గీత పక్కన అవి అడ్డంగా, తిన్నగా నిలిచి బొమ్మ అందంగా వస్తుందని ఆశ. నాలుగేళ్ళ కొలతలు పోగుచేసి గీత గీసింది. ఆ తేలికవి కూడా దిగుతున్నాయి. ఆ నాలుగేళ్ళలో ఎర్రవి ఎంత దిగాయో సరిగ్గా అంతే.

ఆ సాయంత్రం వంటింట్లో, భర్త గిన్నెలు కడుగుతుంటే తలుపుకి ఆనుకుని చెప్పింది. డ్రైవింగ్ మాస్టారికి నక్షత్రాల గురించి తెలిసింది తక్కువే కానీ ఎదుటివాళ్ళ కంగారు గుర్తుపట్టడం ఆయన వృత్తి.

"బజారుకెళ్ళావనుకో," అంది. "బంగాళాదుంప, ఉల్లిపాయ, సబ్బుబిళ్ళ, ఇటుకరాయి. అన్నీ ఒక్కసారే ఒకే పాళ్ళలో తేలికైపోయాయి. ఏమంటావు?"

"తూకంలో మోసం అంటాను."

"అంతే."

"అయితే రాయి బరువెక్కింది."

"అదే నా భయం. ఆ రాయి నక్షత్రం వెలుగు పెరుగుతోంది. మిగతావేవీ మసకబారట్లేదు. సార్ గీత తప్పు. నా థీసిస్ తప్పు. ఒకే ఈడువి కాబట్టి ఒకేలా ముసలివయ్యాయని రాశాను చూడు, బరువులు వేరైతే అన్నీ ఒకే కొలతన ఎలా దిగుతాయి? ఆ ప్రశ్న మొదటి ఏడాది పిల్లలు కూడా అడుగుతారు. నేను అడగలేదు."

భర్త చేతులు తుడుచుకున్నాడు. "కాపలా చుక్క ఉంటుందని ఎప్పుడో చెప్పావు కదా. అది నిద్రపోయిందా?"

"దాన్ని మేం కొలవట్లేదు."

"ఎందుకు?"

"సార్ మానేశారు. మేమూ మానేశాం."

"నా దగ్గర నేర్చుకునేవాళ్ళలో సగం మంది పక్క అద్దం చూడరు," అన్నాడు. "ఎందుకు చూడవంటే, మా నాన్న చూడడండీ అంటారు."

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నోరు మూసుకుని ఊరుకోవచ్చు. గుమ్మటం ఎలాగూ బొమ్మల గది అయిపోతోంది. పరికరం పాత సామాన్లలోకి పోతే ఆ పాత కొలతల్ని ఎవరూ మళ్ళీ పోల్చి చూడలేరు. కొండ మీది పెద్ద టెలిస్కోప్‌కి ఈ నక్షత్రాలు మరీ ప్రకాశవంతం. దాని కెమెరాకి ఇవి కళ్ళలో టార్చి కొట్టినట్టే. అంటే, ఆ ఒక్క చలికాలం దాటిందా, గుమ్మంలో అద్దం వెనక ఉన్న గీత శాశ్వతంగా నిజమైపోతుంది, దాంతోపాటు ఆవిడ డాక్టరేటూ. తప్పు తన పేరుతో సుఖంగా బతకడం ఆవిడకి ఇష్టం లేకపోయింది. దీన్ని త్యాగమని రాసేవాళ్ళు రాసుకోవచ్చు. నిజానికిది పొగరు. తన కొలత తప్పని ఇంకెవరో పట్టుకోవడం ఆవిడకి తల కొట్టేసినట్టుంటుంది, అంతే.

అలా కమిటీకి వెళ్ళింది. తాళం దొరికింది. కానీ ఒక తిరకాసు మిగిలింది. పాత కొలతలతో పోల్చాలంటే పాత పరికరంతోనే కొలవాలి. ఆ పరికరం ఒక గాజు గొట్టం. నక్షత్రం వెలుగు దాని మీద పడితే కరెంటుగా మారుతుంది. కానీ గొట్టాన్ని గడ్డకట్టించి ఉంచితే తప్ప అది తనలో తను గొణుక్కుంటూ, లేని వెలుగుని కూడా లెక్కిస్తుంది. గడ్డకట్టించడానికి డ్రై ఐస్ కావాలి. సంస్థ దాన్ని కొనడం మానేసి చాలా కాలమైంది. ఆఫీసరు ముందే చేతులు దులిపేసుకున్నాడు.

ఐస్‌క్రీం డిపోలో దొరుకుతుందని భర్త కనుక్కొచ్చాడు. డ్రైవింగ్ స్కూలు కారులోనే వెళ్ళారు. ముందూ వెనకా 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అన్న బోర్డుతో. డిపోవాడు పొగలు కక్కే దిమ్మలు కాగితాల్లో చుడుతూ అడిగాడు.

"ఫంక్షనా అక్కా?"

"కాదు. ఒక గొట్టాన్ని చల్లబరచాలి."

"ఏం గొట్టం?"

"నక్షత్రాల వెలుగు కొలిచేది."

వాడు డ్రైవింగ్ మాస్టారి వంక చూశాడు. మాస్టారు తలూపాడు.

"అయితే మరో దిమ్మ తీసుకోండి," అన్నాడు డిపోవాడు. "కొసరు కాదు, దానికీ డబ్బులే. కాకపోతే కొండెక్కేసరికి సగం ఆవిరైపోద్ది. వేడి రోజుల్లో మా బండ్లవాళ్ళు ఇలాగే ఏడుస్తారు."

ఆ చలికాలమంతా అదే పని. మబ్బులేని రోజు చూసుకుని దిమ్మలు కొండెక్కేవి. కారు కిటికీలు దించే ఉంచాలి, లేకపోతే డ్రై ఐస్ ఆవిరికి ఊపిరాడదు. మాస్టారు మఫ్లర్ చుట్టుకుని, పళ్ళు టకటకలాడిస్తూ, "ఇంత చలిలో ఎవరికీ క్లచ్ నేర్పలేదు నేను" అనేవాడు. గుమ్మటంలో ఆవిడ తూకపురాయిని కొలిచేది. తర్వాత, దాదాపు ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ పలకరించని కాపలా చుక్కని కొలిచేది. తర్వాత ఆకాశంలో దూరదూరంగా ఉన్న, ప్రపంచమంతా నమ్మే రాళ్ళని కొలిచేది. మళ్ళీ మొదటికి. ఒక్క కొలత కూడా దాటెయ్యలేదు. వేళ్ళు కొంకర్లు పోతుంటే చంకల్లో పెట్టుకుని వెచ్చబరచుకుని మళ్ళీ కొలిచింది.

చలికాలం అయ్యేసరికి సందేహానికి చోటు లేకుండా తేలింది. కాపలా చుక్క పెద్దసారు మొదట కొలిచినప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే. మారింది తూకపురాయే. దాని వెలుగు నూటికి నాలుగు పాళ్ళు పెరిగింది.

ఉదయం పదిన్నరకి పెద్దసారు గదికి వెళ్ళింది. ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. గీతలు గీసిన కాగితాలు బల్ల మీద పరిచింది. ఆయన చూశాడు. ఇలాంటి కథల్లో గురువులు కళ్ళు చెమర్చి శిష్యుల్ని కౌగిలించుకుంటారు. ఈయన మొదట గొట్టాన్ని తిట్టాడు.

"పాత గొట్టం. చెడిపోయి ఉంటుంది."

"చెడితే అన్నిటికీ చెడాలి కదా సార్. కాపలా చుక్కకి చెడలేదు."

"ఫిల్టరు మార్చావేమో."

"మీరు పెట్టిందే. మీ చేతి రాత ఉన్న చీటీ కూడా దాని మీదే ఉంది."

"ఆకాశం?"

"కారు కిటికీలోంచి మా ఆయన కూడా బాగుందన్నాడు సార్."

పెద్దసారుకి కోపం వచ్చింది. పేపరు మడిచి పక్కన పడేశాడు. అప్పుడు ఆవిడే అడిగింది.

"సార్, మొదటి రెండేళ్ళు కాపలా చుక్కని కొలిచారు. తర్వాత ఎందుకు మానేశారు?"

ఆయన కిటికీ వైపు చూశాడు. "చలమ్మా."

"సార్?"

"చలి. రెండేళ్ళు చూశాను, రాయి కదల్లేదు. ఇంకెందుకులే అనుకున్నాను. అదొక్కటి మానేస్తే కాస్త ముందుగా కిందికి దిగి వెచ్చగా పడుకోవచ్చు." ఆవిడ వైపు తిరిగాడు. "నాది చలి. మరి నువ్వెందుకు మానేశావు?"

"మీరు మానేశారు కాబట్టి."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. మొదట చిన్నగా, తర్వాత దగ్గొచ్చేదాకా. నీళ్ళు తాగి, కాగితాలు మళ్ళీ దగ్గరకి లాక్కున్నాడు. ఈసారి తప్పు వెతకడానికి కాదు. గుమ్మంలోని గీతకి నకలు ఒకటి ఆ గదిలోనూ ఉంది. దాన్ని గోడ మీంచి దింపమన్నాడు. కింది అంచు పైకొచ్చేలా కాగితాన్ని వెనక్కి తిరగేసి, కిటికీ వెలుతురుకి పట్టుకోమన్నాడు. పట్టుకుంది.

పైనుంచి కిందికి దిగే గీత ఇప్పుడు కిందినుంచి పైకి ఎక్కుతోంది.

"తూకపురాయి," అన్నాడు. "దాని బతుకంతా ఇక్కడుంది. నా తర్వాత నువ్వు, నీ తర్వాత నీ శిష్యులు. ముప్ఫై ఏళ్ళు. ఒక్క చలికాలం కూడా వదల్లేదు. ఇంకెవరి దగ్గరైనా ఇలాంటి నక్షత్రానిది ఇంత పొడుగు కొలత ఉందా?"

"నేను వెతికినంతలో లేదు సార్."

అదీ సంగతి. వాళ్ళు ముప్ఫై ఏళ్ళు కొలిచింది వేరే నక్షత్రాన్ని. కానీ కొలవడం మాత్రం నిజంగానే కొలిచారు. తూకపురాయి అసలు ఆ గుత్తిదే కాదు. మనకి దగ్గరగా ఉండి, దారిలో అడ్డంగా నిలబడి, గుత్తిలో కలిసినట్టు కనిపించే బయటి నక్షత్రం. సూర్యుడి మీద ఉన్నట్టే దాని మీదా మచ్చలున్నాయి, ఇంకా పెద్దవి. ఏళ్ళ తరబడి ఆ మచ్చలు తగ్గుతూ వస్తే వెలుగు పెరుగుతూ వచ్చింది. అది ఆవిడ రాసిన వివరణ. అందులోనూ చివర, ఇది రుజువు కావాలంటే మరో చోటు నుంచి మరొకరు కొలవాలని రాసింది. కాపలా చుక్క పాఠం అంత త్వరగా మర్చిపోయే మనిషి కాదు.

వ్యాసం మీద ఎవరి పేర్లు పెట్టాలన్న మాట వచ్చింది. సార్ పేరు లేకుండా పంపి, ఆయన పరువు కాపాడదామని సంస్థలో కొందరు పెద్దమనుషులు సలహా ఇచ్చారు. పెద్దసారుకి తెలిసి గదిలోంచి బయటికొచ్చి వరండాలో నిలబడి అందరూ వినేలా అన్నాడు.

"నా పేరు పెట్టకపోతే ఊరుకోను. తప్పు నాది. కొలతలూ నావే. రెండూ కావాలి నాకు."

ఇద్దరి పేర్లూ పడ్డాయి. మొదట ఆవిడది. వ్యాసంలో రెండో పేరాలోనే ఆవిడ థీసిస్ తప్పని, ఎక్కడ తప్పో, ఎందుకు తప్పో రాసి ఉంది. ఏడాది తిరిగేలోగా రెండు దూరదేశాల వాళ్ళు ఆ నక్షత్రాన్ని కొలిచి, వెలుగు పెరుగుతున్న మాట నిజమేనని రాశారు. అందులో ఒకరు, ఇంత పొడవాటి, తెగని కొలతల వరస తామెక్కడా చూడలేదన్నారు. డాక్టరేట్ ఎవరూ వెనక్కి తీసుకోలేదు. గుమ్మంలో గీతని మాత్రం ఆవిడే స్టూలెక్కి దింపి, కొత్తది బిగించింది. మేకు పాతదే.

గుమ్మటం బొమ్మల గది కాలేదు. తూకపురాయి ఇంకా మారుతోంది కాబట్టి కొలత ఆపకూడదని దూరదేశాల నుంచే అడిగారు. ఇప్పుడు ప్రతి కొలత వరసలోనూ కాపలా చుక్క ఉంటుంది. చలిగా ఉందని ఎవరైనా విద్యార్థి గునిస్తే ఆవిడ, "సార్ గదికి వెళ్ళి అడుగు, చలి ఎంత ఖరీదో" అంటుంది.

అన్నిటికంటే ఆలస్యంగా మారింది అత్తగారు. సంస్థలో కోడలు ఆ కొలతల గురించి మాట్లాడిన రోజున మాస్టారు వాళ్ళమ్మని కూడా తీసుకెళ్ళాడు. ముందు వరసలో కూర్చుని, అర్థం కానిచోట కూడా కళ్ళు ఆర్పకుండా వింది. మర్నాడు పక్కింటాయన ఎప్పటిలాగే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"నర్సమ్మ గారు లేరా?"

"నర్సు కాదు," అంది అత్తగారు.

"అదేంటండీ, ఇన్నేళ్ళూ?"

"ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పాను. మా కోడలు నక్షత్రాలు కొలుస్తుంది. ముప్ఫై ఏళ్ళ తప్పు ఒకటి పట్టుకుంది. ప్రపంచంలో ఇంకెవరికీ దొరకలేదది."

"అబ్బో. ఎవరు చేసిన తప్పు?"

"సగం దానిదే," అంది అత్తగారు, తల ఎత్తుకుని. "ఇలా కూర్చోండి. మిషన్ నేను తెస్తాను. బీపీ మా కోడలే చూస్తుంది, ఇప్పుడే నిద్ర లేస్తోంది."

డ్రై ఐస్ బిల్లులు లెక్కల ఆఫీసరు బల్ల మీదకి వెళ్ళాయి. ఆయన బదిలీ అయ్యాడు, కొత్తాయన వచ్చాడు. ఆ చలికాలపు డబ్బు సంస్థ ఆవిడకి ఇంకా బాకీ ఉంది.